చెబితే ఆగిపోతుందా?

"అక్కా, ఇది ఆఫీసుల చెప్పాల్నా? చెబితే పెన్షన్ ఆపేస్తరా?"

సుచిత్ర చౌరస్తా వెనక మా గల్లీలో నేను బట్టలు కుడతాను. జాకెట్ గుడ్డ చేతికిచ్చి, కొలతలు అయ్యాక, సంచి అడుగు నుంచి ఇంకో కవరు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో ఆధార్, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్ ఉంటాయి. ఆ కవరు తీసేటప్పుడు గొంతు తగ్గుతుంది. ఒకామె కొడుక్కి షాపూర్‌నగర్ దగ్గర ప్యాకింగ్ పని దొరికింది. ఒక తాతకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఒక కుటుంబం సిద్దిపేట వైపు ఊరి నుంచి ఇక్కడికి వచ్చేసింది, పెన్షన్ మాత్రం ఊళ్లోనే ఉంది. ఎవరి సంగతి వాళ్లదే అయినా భయం ఒక్కటే: ఇంట్లో ఏం మారిందో సర్కారుకు తెలిస్తే ఉన్నది కూడా పోతుందేమోనని.

వాళ్లు నన్నే అడగడానికి కారణం మా బాబు. వాడికి సెరిబ్రల్ పాల్సీ. మెదడు ఎదిగే వయసులోనే దెబ్బతినడం వల్ల కాళ్లూ చేతులూ వాడి మాట వినవు. వాడు మాట్లాడేది ఇంట్లోవాళ్లకే అర్థమవుతుంది. ఇప్పుడు 24 ఏళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో రూ.500తో మొదలైన పెన్షన్, 2014 నవంబరులో ఆసరా పథకం వచ్చినప్పుడు రూ.1,500 అయింది. 2019లో రూ.3,016, 2023 జులై నుంచి రూ.4,016. ఇప్పటి ప్రభుత్వం చేయూత అంటోంది, మా గల్లీలో మాత్రం ఇంకా ఆసరాయే. ఇన్నేళ్లలో మా ఇంట్లో మారనిది లేదు. వాడు మేజరయ్యాడు. బ్యాంకు పేరు మారింది. వాళ్ల నాన్న పోయారు. మేం ఇల్లు మారకపోయినా జిల్లా మారింది. వాడి పాత సర్టిఫికెట్ మీద రంగారెడ్డి జిల్లా అని ఉంటుంది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. కలెక్టరేట్ మొదట కీసరలో ఉండేది, 2022 ఆగస్టు నుంచి శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో ఉంది.

అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. చెప్పండి. అయితే కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకుని ఇంట్లో దాచండి. మీ ఇంట్లో ఏం మారిందన్నది మీరు చెప్పకపోయినా ప్రభుత్వానికి ఎక్కడినుంచో చేరుతుంది. అలా చేరినప్పుడు అది తప్పుగా చేరొచ్చు. మీ వైపు నుంచి సరైన మాట తేదీతో సహా ముందే అక్కడ ఉండాలి.

నియమాల సంగతి చూద్దాం. 2014 నవంబరు 5న పంచాయతీరాజ్ శాఖ ఇచ్చిన జీవో 17 ఆసరాకు మూలం. వైకల్యం 40 శాతం ఉండాలి, వినికిడి లోపమైతే 51 శాతం. కుటుంబానికి ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. భూమి మూడెకరాల తరి లేదా ఏడున్నర ఎకరాల మెట్టకు మించకూడదు. ప్రభుత్వ, ప్రైవేటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం చేసేవాళ్లకు, ప్రభుత్వ పెన్షన్ అందుకునేవాళ్లకు, నాలుగు చక్రాల బండి ఉన్నవాళ్లకు రాదు. దరఖాస్తు పెట్టే రోజు మనం వీటిని చూసుకుంటాం. మంజూరయ్యాక మర్చిపోతాం. నిజానికి వీటిలో ప్రతి షరతూ పెన్షన్ వచ్చినన్నాళ్లూ బతికే ఉంటుంది. కొడుకు సెకండ్‌హ్యాండ్ కారు కొని తండ్రి పేరున రిజిస్ట్రేషన్ చేయించిన రోజున ఆ షరతు లేచి కూర్చుంటుంది.

మా ఆయన జీడిమెట్ల పారిశ్రామికవాడలో మెషీన్ ఆపరేటర్. ఆయన పోయాక భవిష్యనిధి ఆఫీసు నుంచి నాకు నెలకు చిన్న మొత్తం రావడం మొదలైంది. ఈపీఎస్–95 అనే పథకం అది. 2014 సెప్టెంబరు నుంచి దాని కనీస పెన్షన్ రూ.1,000. కార్మికుడు చనిపోతే భార్యకు, 25 ఏళ్లలోపు పిల్లలకు వస్తుంది. శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న బిడ్డకైతే ఆ వయసు పరిమితి లేదు, జీవితాంతం వస్తుంది. ఇది చాలామంది కార్మికుల కుటుంబాలకు తెలియదు. అందుకే జీడిమెట్లలో పనిచేసి పోయినవాళ్ల ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే నేను ముందు ఇదే చెబుతాను.

ఆ డబ్బు మొదలయ్యాక నాకు అనుమానం పట్టుకుంది. ఇది సర్కారు పెన్షన్ కాదు, ఆయన జీతంలోంచి కట్టిన నిధి. ఆ సంగతి నాకు తెలుసు. పెన్షన్ అన్న మాట ఒక్కటి పట్టుకుని వడపోసే కంప్యూటర్‌కు తెలుస్తుందా? అందుకని రాసి ఇచ్చాను. "నా భర్త ఫలానా తేదీన చనిపోయారు. ఫలానా నెల నుంచి ఈపీఎస్ కింద నాకు ఇంత, నా కుమారుడికి ఇంత వస్తోంది. మా కుటుంబానికి ఏడాది మొత్తం ఆదాయం ఇది. ఇందువల్ల నా కుమారుడి పెన్షన్ అర్హతలో మార్పు ఉంటే రాతపూర్వకంగా తెలపగలరు." మరణ ధ్రువీకరణ పత్రం, పెన్షన్ ఉత్తర్వు నకలు జతచేశాను. తీసుకున్న గుమాస్తా, "ఇది ఎందుకమ్మా, ఎవరూ ఇయ్యరు" అన్నాడు. ముద్ర మాత్రం వేశాడు. ఏళ్ల తర్వాత ఇంటింటి పరిశీలనకు వచ్చినాయన ట్యాబ్‌లో చూస్తూ, "మీకు వేరే పెన్షన్ వస్తోందట కదా" అన్నప్పుడు ఆ కాగితమే ఆయన ముందు పెట్టాను. ఫొటో తీసుకుని వెళ్లాడు. బాబు పెన్షన్ ఆగలేదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో 2024 జులైలో రాష్ట్రమంతా చూసింది. కొత్తగూడెంలో 80 ఏళ్ల పెద్దావిడకు, మీరు తీసుకున్న ఆసరా సొమ్ము లక్షా 72 వేల రూపాయలు వెనక్కి కట్టాలని నోటీసు వచ్చింది. చనిపోయిన కూతురు ప్రభుత్వోద్యోగి కావడంతో ఆమెకు కుటుంబ పెన్షన్ వస్తోంది, దాంతోపాటు ఆసరా కూడా ఏళ్ల తరబడి వచ్చింది. రెండూ ఇచ్చింది ప్రభుత్వమే. ఒక శాఖ దగ్గరున్న సంగతి ఇంకో శాఖ చూసుకోవడానికి అన్నేళ్లు పట్టింది. అప్పటికి ఆమె ఆ డబ్బుతో మందులు కొనుక్కుని, తిని, బతికింది. పత్రికల్లో రావడంతో గొడవైంది, అలాంటి వసూళ్లు ప్రస్తుతానికి ఆపుతున్నామని ప్రభుత్వం ప్రకటించింది. అర్హత లేనివాళ్లకు పెన్షన్ ఆపడాన్ని నేను తప్పు పట్టను. ఏళ్ల తరబడి ఇచ్చి ఒక్కసారిగా లెక్కకట్టి అడగడం మాత్రం అన్యాయం. నెల రోజులకే పట్టుకుని ఉంటే అది రెండు మూడు వేల మాట.

శాఖల సమాచారాన్ని కలిపి చూడటానికి తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు, చిరునామా, వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తి రికార్డుల వంటివన్నీ ఒకచోట చేర్చి, ఫలానా మనిషికి ఇది ఉంది, అది ఉంది అని చూపిస్తుంది. ఇలా యంత్రం చూపించిన దాన్నిబట్టి రేషన్ కార్డులు తీసేశారంటూ వేసిన కేసులో, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన 19 లక్షల కార్డుల్ని ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించమంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కిన ఒకాయన పేరు, కారున్న ఇంకొకాయన పేరు దగ్గరదగ్గరగా ఉండటంతో రిక్షా ఆయన కుటుంబానికి కార్డు ఇవ్వని సంగతి కూడా విలేకరుల పరిశోధనలో బయటపడింది. మన పేర్లు తెలిసినవే కదా. ఒకే గల్లీలో ఇద్దరు లక్ష్మమ్మలు, ముగ్గురు సాయిలు ఉంటారు.

ఈ తంటా మనకొక్కరికే లేదు. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు చెప్పేవాడు: అక్కడ వైకల్య పెన్షన్ తీసుకునేవాళ్లు ఆదాయం, ఇల్లు, పెళ్లి, విదేశీ ప్రయాణం ఏది మారినా 14 రోజుల్లో చెప్పాలి. చెప్పడానికి ఫోను, యాప్, కౌంటర్ అన్నీ ఉన్నాయి. అంత ఏర్పాటున్న దేశంలోనే, పన్నుల శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని పక్షానికింత అని సమానంగా పంచేసి, మీరు సంపాదన దాచారంటూ కంప్యూటర్‌తో అప్పు నోటీసులు పంపారు. రోబోడెట్ అని పేరు పడింది. ఒక నెల పని దొరికి, మూడు నెలలు ఖాళీగా ఉన్న కూలీకి ఆ సగటు ఎక్కడ సరిపోతుంది? అది చట్టవిరుద్ధమని తేలింది. 4 లక్షల మందికి పైగా మీద మోపిన అప్పు తీసేయాల్సి వచ్చింది. 2023 జులైలో రాయల్ కమిషన్ నివేదిక ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ పాత జీతం చీటీలు దాచుకున్నవాళ్లు వాటితోనే ఎదురు నిలిచారు.

ఇప్పుడు బాబు సంగతి. పిల్లలు పెద్దవాళ్లవడం కూడా చెప్పాల్సిన మార్పేనని నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఆధార్‌లో పిల్లల వేలిముద్రలు, కంటిపాప 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 ఏళ్లు నిండాక మరోసారి కొత్తగా ఇవ్వాలి. మా వాడి వేళ్లు ముడుచుకుని ఉంటాయి, యంత్రం మీద ఆనవు. తల నిలపలేడు, కెమెరాకు కన్ను దొరకదు. వేలిముద్రలు ఇవ్వలేనివాళ్లకు మినహాయింపుతో నమోదు చేసే పద్ధతి ఆధార్ సంస్థ నిబంధనల్లోనే ఉంది. సెంటర్‌లో కూర్చున్న పిల్లవాడికి అది తెలియకపోతే "రావట్లేదమ్మా, ఇంకోసారి రండి" అంటాడు. అలాంటప్పుడు లేవకండి. మినహాయింపు నమోదు చేయమని అడగండి, కాదంటే పై అధికారి నంబరు అడగండి. ముడుచుకున్న వేళ్లను బలవంతంగా సాగదీయనివ్వకండి. అది చాలా నొప్పి.

18 నిండిన రోజు ఇంకా పెద్ద మార్పు. అప్పటిదాకా బ్యాంకు ఖాతాకు తల్లి సంరక్షకురాలు. మేజరయ్యాక బ్యాంకు వాడి సంతకం అడుగుతుంది. వాడు సంతకం పెట్టలేడు, పెట్టినా అదేమిటో చెప్పలేడు. కన్నతల్లిని, 18 ఏళ్లు ఎత్తుకుని తిప్పినదాన్ని, చట్టం కళ్లకు నేనెవరో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఇందుకోసమే ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 18 దాటాక కూడా చట్టబద్ధ సంరక్షకుల్ని నియమించవచ్చు. జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ నియమిస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను ఒప్పుకోమని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. ఈ దారి నాకు చెప్పింది బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో, బాబును చిన్నప్పుడు థెరపీకి తీసుకెళ్లే రోజుల్లో పరిచయమైన ఒక తల్లి. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, మాకు మాత్రం ఎన్ఐఎంహెచ్చే. దేశం నలుమూలల నుంచి తల్లులు వచ్చే చోటు అది. మాకు నాలుగు స్టాపుల దూరంలో ఉండటం మా అదృష్టం.

సంరక్షకురాలు కావడంతో పని అయిపోదు. నియమించిన ఆరు నెలల్లో ఆ బిడ్డ పేరున ఏమేం ఆస్తి ఉందో జాబితా ఇవ్వాలి. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో లెక్క చూపాలి. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. డైపర్లు, ఫిజియోథెరపీ, ఫిట్స్ మందులు అన్నీ అందులో ఉంటాయి. లెక్క అడగడం నాకు అవమానం అనిపించలేదు. రేపు నా స్థానంలో వాడి మేనత్తో, పెదనాన్న కొడుకో ఉంటే, వాళ్లను కూడా ఇలాగే అడగాలి కదా. మా తల్లులందరినీ రాత్రుళ్లు నిద్రపోనివ్వనిది ఒకటే ప్రశ్న. మేం పోతే? పెన్షన్ మాటకే వస్తే, తల్లి చనిపోతే ఆ సంగతి చెప్పి, కొత్త సంరక్షకుల కోసం దరఖాస్తు పెట్టేవాళ్లు ఇంట్లో ఒకరుండాలి. ఎవరూ లేకపోతే డబ్బు ఖాతాలో పడుతూనే ఉంటుంది, తీసే చెయ్యి ఉండదు. అందుకే నేను మా ఆడపడుచుకు ఆ ఫైలు ఎక్కడుందో, ఎవరికి ఏం రాయాలో ఇప్పుడే చెప్పిపెట్టాను. ఇది అపశకునం అనుకునే అమ్మలతో నేను చాలాసేపు కూర్చుని మాట్లాడతాను.

సర్టిఫికెట్ల విషయంలో ఈ మధ్య పెద్ద మార్పే వచ్చింది. మనకు అలవాటైన సదరం స్థానంలో, 2025 నుంచి తెలంగాణలో కూడా కేంద్రం వారి యూడీఐడీ పోర్టల్ ద్వారానే దరఖాస్తు. దాని ద్వారా వచ్చే, దేశమంతటా చెల్లే కార్డులో 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 దాకా పసుపు, ఆపైన నీలం రంగు ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులో ఉన్నారు. పాత కాగితం ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది, అది శాశ్వతమా, తాత్కాలికమా అన్నది. తాత్కాలికమైతే కింద గడువు తేదీ ఉంటుంది. గడువు ముగిశాక పరిగెత్తకుండా నాలుగైదు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. వైద్య శిబిరం తేదీ మన చేతిలో ఉండదు.

మా రాష్ట్రంలో శాతం 45 అయినా 90 అయినా పెన్షన్ ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో అలా లేదు. 2024లో పెంచినప్పుడు అక్కడ వికలాంగులకు రూ.6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు రూ.15,000 చేశారు. అంటే అక్కడ పరిస్థితి దిగజారితే చెప్పడం వల్ల నెలకు 9 వేల తేడా వస్తుంది. 2025లో అక్కడ మళ్లీ వైద్య పరీక్షలు చేసి, 40 శాతం కంటే తక్కువ తేలినవాళ్లకు నోటీసులు ఇచ్చారు. అప్పీలు చేసుకునే వీలు కల్పించారు. ఆ నోటీసులు అందినవాళ్ల బంధువులు మా వైపు చాలామంది ఉన్నారు. పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి చీటీలు పారేయకుండా ఉంచుకున్నవాళ్లు అప్పీలుకు ధైర్యంగా వెళ్లారు.

ఇక్కడ జీడిమెట్ల గోడౌన్లలో, కొంపల్లి ఫంక్షన్ హాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎందరో. అక్కడ పెన్షన్ ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి ఇంటికి తెచ్చి ఇస్తాడు. ఇక్కడున్న కొడుకు దగ్గరికి వచ్చేసిన వికలాంగుడైన తండ్రి దానికోసం ఊరికి వెళ్లాలి. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో తెచ్చారు. వరసగా మూడు నెలలూ తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్క. రాష్ట్రం దాటితే పెన్షన్ వెంట రాదు. తెలంగాణ లోపల ఊరు మారితే మాత్రం ఊళ్లో ఎంపీడీఓ ఆఫీసులో, ఇక్కడ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో మార్పు కోసం రాసి ఇవ్వాలి. రెండు చోట్లా ఇవ్వండి. ఒకచోట తీసేసి ఇంకోచోట ఎక్కించకపోతే మధ్యలో మనిషి మాయమవుతాడు.

షాపూర్‌నగర్‌లో ప్యాకింగ్ పని దొరికిన అబ్బాయి సంగతి చెప్పి తీరాలి. పుట్టుకతో వినపడదు. 23 ఏళ్లు. చురుకైనవాడు, చేతి సైగలతో నవ్విస్తాడు. జీతంలో పీఎఫ్, ఈఎస్ఐ కోత ఉంటుందని తెలిసి తల్లి వచ్చింది. "పేరు రాయకుండ ఇస్తరేమో అడుగుతనక్కా. పెన్షన్ పోతే మళ్ల రాదు, కంపెనీ పని ఎన్ని రోజులుంటదో" అంది. ఆ తల్లి దొంగ కాదు. ఆమె లెక్క ఆమెకు సరైనదే. పేరు రాయించుకోకుండా పనిచేస్తే చెయ్యి మెషీన్‌లో పడినా ఈఎస్ఐ రాదు, మా ఆయన కుటుంబానికి వచ్చిన ఈపీఎస్ కూడా రాదు. అదంతా చెప్పాను. అబ్బాయి పేరు రాయించుకునే చేరాడు, చేరిన తేదీతో కాగితం ఇచ్చాడు, పెన్షన్ ఆగింది. కొన్ని నెలలకు ఆర్డర్లు లేవని కంపెనీ తీసేసింది. పని పోయిన తేదీతో మళ్లీ కాగితం ఇచ్చాం. ఆ దరఖాస్తు ఇంకా నడుస్తోంది. నిజం చెప్పిన కుటుంబం ఎదురుచూస్తోంది.

ఈ ఎదురుచూపే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి పన్ను కట్టి, తర్వాత వైకల్య భృతి మీద ఉన్నవాళ్లు మళ్లీ పనిలో చేరితే, అయిదేళ్ల వ్యవధిలో మొత్తం 9 నెలలు పని చేసి చూసుకోవచ్చు. ఆ నెలల్లో భృతి ఆగదు, చేరిన సంగతి మాత్రం చెప్పాలి. మన దగ్గర కూడా పని పోయిన నెల తర్వాతి నెలలోనే పెన్షన్ తిరిగి మొదలయ్యే మాట రాసి ఇస్తే, ఏ తల్లీ పేరు దాచమని అడగదు. వికలాంగులు పని చేయాలని ఉపన్యాసాల్లో చెప్పేవాళ్లు ముందు ఈ ఒక్క నియమం తేవాలి.

అబద్ధం సంగతి వేరు. లేని వైకల్యం చూపించి, వికలాంగులకు దక్కాల్సింది మోసంతో తీసుకుంటే 2016 చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఇల్లు మారిన సంగతి ఆలస్యంగా చెప్పడం దాని కిందికి రాదు. దళారులు ఈ రెండింటినీ కలిపేసి భయపెట్టి డబ్బు గుంజుతున్నారు. వాళ్లను నమ్మకండి.

భయం వల్ల పోగొట్టుకునేవాళ్లు ఇంకొందరున్నారు. పక్షవాతం వచ్చిన తాత గురించి చెప్పాను కదా. ఆయనకు వృద్ధాప్య పెన్షన్ రూ.2,016 వస్తోంది. కుడి చెయ్యి, కాలు పడిపోయాక వైకల్యం 40 శాతం దాటి సర్టిఫికెట్ వస్తే ఆయన వికలాంగుల పెన్షన్ అడగొచ్చు. తేడా నెలకు 2 వేలు. "ఉన్నది కదిలిస్తే ఉన్నది పోతదేమో బిడ్డా" అంటాడు. యూడీఐడీ దరఖాస్తు నేనే నింపాను. పాత పెన్షన్‌ను ముందుగా రద్దు చేయమని ఎక్కడా రాయలేదు. వర్గం మార్చమని మాత్రమే సర్టిఫికెట్ వచ్చాక రాస్తాం. ఈ మాటల వరస ముఖ్యం.

బ్యాంకు సంగతులు చిన్నవే కానీ ఎక్కువమందిని ఆపేవి అవే. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇలా కలిసినప్పుడు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారుతుంది. రెండేళ్లు మనవైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది. పెన్షన్ పడుతున్నా తీయకుండా దాచుకునే అవ్వలు ఏడాదికి ఒకసారైనా వంద రూపాయలు తీయాలి. కుటుంబంలో పెన్షన్‌దారు చనిపోతే 21 రోజుల్లో మరణం నమోదు చేయించి, పెన్షన్ ఆఫీసుకు నకలు ఇవ్వండి. ఆ తర్వాతి నెల పడిన డబ్బు ఏటీఎంలో తీయకండి. దినకర్మ ఖర్చులప్పుడు చెయ్యి ఆగదని తెలుసు. కానీ తర్వాత దాన్ని వెనక్కి కట్టమంటే, అప్పుల్లో ఉన్న ఇంటికి అది ఇంకో అప్పు.

కాగితం ఎలా రాయాలని అడుగుతారు. పైన పెన్షన్‌దారు పేరు, పెన్షన్ ఐడీ, ఆధార్ చివరి నాలుగు అంకెలు, ఫోన్ నంబరు. తర్వాత ఏం మారింది, ఏ తేదీ నుంచి అన్నది రెండు మూడు వాక్యాల్లో. ఏం కోరుతున్నారో ఒక వాక్యం. జతచేసిన నకళ్ల జాబితా. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. ముద్ర వేయమంటే విసుక్కుంటే, అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపండి. రసీదే మీ ముద్ర. నెల దాటినా కదలకపోతే, అర్జీలు తీసుకునే ప్రజావాణి సోమవారం కలెక్టరేట్‌లో ఉంది. సుచిత్ర నుంచి అంతాయిపల్లికి నేరుగా వెళ్లే బస్సు కోసం చూడకుండా అల్వాల్ మీదుగా రాజీవ్ రహదారి ఎక్కి, తూంకుంట దాటి దిగడం మేలు. చక్రాల కుర్చీ ఉన్నవాళ్లు ఆటో మాట్లాడుకోక తప్పదు. వాళ్లను రమ్మనకుండా ఇంట్లో ఇంకొకరు వెళ్లినా చాలు.

చెప్పాపెట్టకుండా ఆగిపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి: "నా పెన్షన్ ఏ తేదీన, ఏ కారణంతో, ఎవరి ఉత్తర్వుతో ఆగింది? ఆ పరిశీలన నివేదిక నకలు ఇవ్వగలరు." 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు పెడితే రుసుము ఉండదు. మలక్‌పేటలో వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం ఉంది, హక్కుల చట్టం ప్రకారం రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఇవన్నీ మనకున్న హక్కులు. వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, వికలాంగులకు ఇచ్చే సాయం అలాంటి పథకాల్లో ఇతరులకు ఇచ్చే దానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని చెబుతోంది.

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒక పేజీ ఫారం. ప్రతి వార్డు ఆఫీసులో, ప్రతి పంచాయతీలో తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి పెట్టాలి. ఇల్లు, ఖాతా, ఉద్యోగం, ఆదాయం, సంరక్షకులు, ఆరోగ్యం, మరణం అని గళ్లు ఉండాలి, మారినదానికి టిక్కు పెడితే చాలు. కింద చింపి ఇచ్చే రసీదు ఉండాలి. పెన్షన్ ఆపే ముందు నెల రోజుల నోటీసు, చెప్పుకోవడానికి ఒక అవకాశం ఇస్తామని వెనక పేజీలో రాసి ఉండాలి. అన్నిటికన్నా ముందు, మొదటి గడిలోనే ఈ ప్రశ్న అడగాలి: ఈ మార్పు వల్ల మీకు కొత్తగా రావాల్సింది ఏమైనా ఉందా?